ఐడ్లింగ్‌లో వణుకు, సైలెన్సర్‌లో పట్ పట్: నాజిళ్లా, పంపా, ట్యాపెట్లా, ముందు ఏది?

పాత ఆరు సిలిండర్ల టాటా లారీల గురించి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. పొద్దున స్టార్ట్ చేయగానే క్యాబిన్ ఊగిపోతుంది, ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు) మిస్ కొడుతుంది, రేజ్ చేసి వదిలితే సైలెన్సర్ పట్ పట్ మంటుంది. ఒక మెకానిక్ నాజిళ్లు (ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మే ముక్కులు) మార్చమంటాడు, ఇంకొకాయన డీజిల్ పంపు దించి కాలిబ్రేషన్ (బెంచ్ మీద పెట్టి డీజిల్ కొలత సరిచేయడం) చేయించమంటాడు, మరొకాయన హెడ్ విప్పాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాలి?

ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కానీ బండి యజమాని ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: దెబ్బ ఒక్క సిలిండర్‌దా, ఆరింటిదీనా? ఇది తేలకుండా ఏది విప్పినా అంచనా మీద డబ్బు పెట్టినట్టే. ఒక్కటే అయితే నాజిల్ లేదా వాల్వు. ఆరూ ఒకేలా ఉంటే పంపు, డీజిల్ లైన్‌లో చేరిన గాలి, లేదా టైమింగ్ (డీజిల్ చిమ్మే వేళ). పంపులో ఒక్క సిలిండర్‌కి డీజిల్ పంపే భాగమే పాడవడం కూడా ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

ఇక్కడ చెప్పేది కంప్యూటర్ లేని, ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కొకటి చొప్పున పంపే భాగాలు వరుసగా ఉన్నది) ఉన్న టాటా 697 తరం ఇంజన్ల గురించి. మెర్సిడెస్ ఓఎం352 వంశంలోది, 5,675 సీసీ, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-5-3-6-2-4. టాటా 407లో వచ్చిన నాలుగు సిలిండర్ల 497కి కూడా పద్ధతి ఇదే, ఆర్డర్ మాత్రం 1-3-4-2. కామన్ రైల్ బండ్లకు (కంప్యూటర్‌తో ఇంజెక్షన్ నడిచే కొత్త తరానికి) ఇది పనికిరాదు. వాటి హై ప్రెజర్ పైపు నట్టు ఇంజన్ నడుస్తుండగా ఎట్టి పరిస్థితుల్లోనూ వదులు చేయకూడదు.

సిలిండర్ కట్ చేసి చూడటం

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ దగ్గర హై ప్రెజర్ పైపు యూనియన్ నట్టును అర చుట్టు వదులు చేయాలి. డీజిల్ బయటికి కారిపోతుంది, ఆ సిలిండర్ ఆగిపోతుంది. మంచి సిలిండర్‌ని కట్ చేస్తే ఇంజన్ ఒక్కసారి కుంగుతుంది, శబ్దం మారుతుంది, వణుకు పెరుగుతుంది. పాడైనదాన్ని కట్ చేస్తే ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే అది అప్పటికే పని చేయడం లేదు. టక్ టక్ మనే నాకింగ్ నట్టు వదలగానే ఆగిపోతే, ఆ నాజిల్ సరిగా చిమ్మడం లేదనుకోవచ్చు. నట్టు బిగించాకే తర్వాతదానికి వెళ్లాలి. నట్టు మీద గుడ్డ కప్పండి, వేళ్లు మాత్రం దగ్గర పెట్టకండి. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నట్టు ముట్టుకోకుండా ఇంకో దారి ఉంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపయ్యాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఆరు గొట్టాల మీద ఒక్కో చుక్క నీళ్లు వేయండి. ఐదు చోట్ల చుక్క సుయ్‌మని ఆరిపోయి, ఒకచోట అలాగే నిలిచి మెల్లగా జారితే, మండనిది ఆ సిలిండరే.

నాజిల్

ఒక్క సిలిండర్ అని తేలితే ఎక్కువగా అనుమానించాల్సింది నాజిల్‌నే. పంపు నుంచి వచ్చిన డీజిల్‌ని మంచులా చిమ్మాల్సింది ఇదే. నీడిల్ పట్టేసినా, సీటు అరిగి చుక్కలు కార్చినా, డీజిల్ పొగలా కాక ధారలా పడుతుంది. కొంత కాలకుండా ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ వేడికి అంటుకుంటుంది. సైలెన్సర్‌లో వినపడే పట్ పట్ చాలాసార్లు ఇదే.

కొత్తది కొనే ముందు, అనుమానం ఉన్న ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్ దానితో మార్చి మళ్లీ కట్ చేసి చూడండి. మిస్సింగ్ ఇంజెక్టర్ వెంటే వెళ్లిందంటే నాజిల్‌దే తప్పు. పాత చోటే ఉండిపోయిందంటే నాజిల్ నిర్దోషి. ఈ ఒక్క పరీక్షకి దాదాపు పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది చేయరు, సెట్టు మొత్తం మార్చేస్తారు.

మార్చేటప్పుడు కింది రాగి వాషర్ కొత్తది వేయాలి. పాతది హెడ్ రంధ్రంలోనే అంటుకుని మిగిలిపోతుంది, చీకట్లో కనిపించదు. దాని మీద ఇంకోటి పడితే నాజిల్ ముక్కు పైకి జరుగుతుంది, స్ప్రే దెబ్బతింటుంది, పక్క నుంచి గ్యాస్ లీకవుతుంది. టార్చి వేసి లోపల చూడండి, గీరి చూసి ఒక్కటే ఉందని నిర్ధారించుకోండి.

నాజిల్ టెస్టర్ ఉన్న షాపుకి తీసుకెళితే రెండు విషయాలు అడగండి. ఒకటి ఓపెనింగ్ ప్రెజర్. ఈ ఇంజన్లకి సుమారు 200 బార్, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అది తక్కువగా ఉంటే లోపల షిమ్ (పల్చటి రేకు) మార్చి పెంచుతారు. రెండోది, ఓపెనింగ్ ప్రెజర్ కంటే 20 బార్ తక్కువలో పట్టి ఉంచితే 10 సెకన్లలో ముక్కు నుంచి చుక్క పడకూడదు. మెకానిక్ స్ప్రే చూసి బాగుందని మాత్రమే అంటే సరిపోదు. ఈ లీక్ పరీక్ష కళ్లారా చూడాలి.

ట్యాపెట్, వాల్వు

ట్యాపెట్ అంటే ఇక్కడ వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉంచే గ్యాప్. ఈ మూడింట్లో నేను ముందు చూడమనేది ఇదే, ఎందుకంటే ఒక ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకులు), రాకర్ కవర్ గాస్కెట్ తప్ప ఏమీ అక్కర్లేదు. ఒక్క సిలిండర్ అని తేలిన వెంటనే, ఇంజెక్టర్ విప్పకముందే చూసేయండి. వాల్వు సీటు అరిగే కొద్దీ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వేడి గ్యాస్ దాని అంచునే కాల్చేస్తుంది.

అసలు సూచన శబ్దం ఎటు నుంచి వస్తోందన్నది. పేలుడు ఎయిర్ క్లీనర్ వైపు నుంచి, ఊపిరి వెనక్కి ఊదినట్టు వస్తే నాజిల్‌ని వదిలేసి రాకర్ కవర్ విప్పండి. ఇన్‌లెట్ వాల్వు మూసుకోకపోయినా అలాగే ఊదుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోకపోయినా ఊదుతుంది. పుష్ రాడ్ వంగడం, జారిపోవడం, క్యామ్ లోబ్ అరగడం వల్ల ఎగ్జాస్ట్ తెరుచుకోకపోతే, కాలిన గ్యాస్‌కి దారి దొరక్క ఇన్‌లెట్ తెరుచుకున్నప్పుడు అటే తోసుకొస్తుంది. కవర్ తీసి ఇంజన్ చేత్తో తిప్పుతూ ఆరు ఎగ్జాస్ట్ రాకర్లూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయో లేదో చూస్తే ఇది దొరుకుతుంది. కేవలం గేజ్ పెట్టి చూస్తే దొరకదు.

ట్యాపెట్ సెట్టింగ్ చల్లటి ఇంజన్ మీద ఇన్‌లెట్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. జోడీలు 1-6, 5-2, 3-4. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ కదిలే స్థితిలో, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్నప్పుడు (దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు), ఒకటో సిలిండర్ సెట్ చేయాలి. గ్యాప్ సరిచేసినా ఆ సిలిండర్ చచ్చినట్టే ఉంటే, నాజిల్ మార్చినా మిస్సింగ్ పోకపోతే, ఇంజెక్టర్ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టండి. మిగతావాటికి, దీనికి 3–4 బార్ తేడా దాటితే హెడ్ విప్పడం తప్పదు. అప్పుడు వాల్వు ల్యాపింగ్ (వాల్వుని సీటుకి రుద్ది పొందించడం), సీటు, రింగులు, గాస్కెట్ అన్నీ ఒకేసారి చూసుకోవాలి.

పంపు

చివరగా పంపు. ఆటోనగర్‌లో ఏ షాపు ముందు చూసినా పంపులు దించి ఉంటాయి. అవన్నీ దించాల్సినవి కావు. పంపు పని ఖరీదు, బెంచ్ కావాలి, మళ్లీ టైమింగ్ పట్టాలి. దించడానికి తగిన కారణాలు మూడు: ఆరు సిలిండర్లూ సమానంగా పనిచేస్తూ ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుండటం, రేజ్ చేస్తే ఇంజన్ చెయ్యి దాటిపోవడం, నాజిల్ మార్చినా ట్యాపెట్ సరిచేసినా ఒకే లైన్‌లో డీజిల్ తక్కువ రావడం. మూడోదాంట్లో పంపు మొత్తం కాక ఆ లైన్ డెలివరీ వాల్వు స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. న్యూమాటిక్ గవర్నర్ (గాలి లాగుడుతో ఇంజన్ వేగాన్ని అదుపు చేసేది) ఉన్న పాత పంపుల్లో డయాఫ్రం చిరిగితే మొదటి రెండు లక్షణాలూ కలిసి వస్తాయి.

దించకముందు డీజిల్ లైన్‌లో గాలి చేరిందేమో చూడండి. ఫీడ్ పంప్ నుంచి ట్యాంకు వైపు ఉన్న ఒక వదులు బోల్ట్, ఒక పాత వాషర్ చాలు, ఐడ్లింగ్ ఊగడానికి. ఫిల్టర్ మీది స్క్రూ వదిలి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి, బుడగల్లేని ధార వచ్చేదాకా. ఫిల్టర్లు మార్చి ఎంతకాలమైందో కూడా అప్పుడే చూసుకోండి. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చినా క్యాబిన్ వణుకుతుంది, కానీ అప్పుడు మిస్సింగ్ ఉండదు. డీజిల్‌లో కలిపే క్లీనర్ సీసాలు అరిగిన సీటుని పూడ్చలేవు, వాటి గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు.

కాలిబ్రేషన్ అయి పంపు తిరిగి వచ్చాక కొత్త గొడవలు మొదలయ్యేది బిగింపులోనే. హై ప్రెజర్ పైపులు రెండు అటూఇటూ మారితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది కానీ దారుణంగా కొట్టుకుంటుంది. విప్పే ముందు ఒక్కో పైపుకి నంబరు రాసి టేపు చుట్టండి. ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. ఫ్లైవీల్ గుర్తు నాలుగు స్ట్రోకుల ఒక చక్రంలో, అంటే ఇంజన్ రెండు చుట్లలో, రెండుసార్లు పైకి వస్తుంది, పంపు మాత్రం ఇంజన్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద కాక ఓవర్‌ల్యాప్ మీద ఉండగా పంపు పెడితే, క్రాంక్ చేసేసరికి తెల్ల పొగ కక్కుతుంది, ఎయిర్ క్లీనర్‌లోంచి పేలుతుంది, స్టార్ట్ కాదు. వెంటనే ఆపేసి రాకర్ కవర్ తీయండి. ఫ్లైవీల్ గుర్తు, పంపు గుర్తు రెండూ ఎదురుగా ఉన్నప్పుడు ఒకటో సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా ఆడాలి, ఆరోది ఓవర్‌ల్యాప్‌లో ఉండాలి. తలకిందులుగా ఉంటే పంపు తీసి, ఇంజన్ ఇంకో పూర్తి చుట్టు తిప్పి, పంపు మళ్లీ పెట్టండి.