పర్లాకిమిడిలో ఇల్లా, పాతపట్నంలోనా?

ఒడిశా బాగుంటుందా, ఆంధ్రా బాగుంటుందా అన్న ప్రశ్నకు భువనేశ్వర్‌నీ విజయవాడనీ చూసి జవాబు చెప్పేవాళ్ళకు మా సరిహద్దు సంగతి పట్టదు. గజపతి, గంజాం జిల్లాల్లోని తెలుగువాళ్ళను అడిగితే ఏ రాష్ట్రం అన్నది తర్వాతి మాట, పెద్దాసుపత్రి ఏ పక్కనుంది, బండి దొరుకుతుందా అన్నది ముందు మాట. రిటైరైన మా బావ ఇల్లెక్కడ కట్టుకోవాలో తేల్చుకోలేక కారు బయటికి తీశాడు. అక్క, బావ, నేను శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో బయల్దేరి, గజపతి కొండలెక్కి, బరంపురం మీదుగా ఇచ్ఛాపురంలో దిగేలా వేసుకున్న తిరుగుడు ఇది.

పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి ఆటో దూరమే. అక్కడ బజార్లో తెలుగులో బేరమాడొచ్చు, జవాబూ తెలుగులోనే వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్ళింది, జమీందారీలో మరికొంత భాగం ఇటు ఉండిపోయింది. అటు కలపాలని పట్టుబట్టిన మహారాజా కృష్ణచంద్ర గజపతి మరుసటేడు ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యారు. ఇదే ఊళ్ళో పంతులుగా పనిచేస్తూ సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి మాత్రం ఆ విభజన మింగుడు పడక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇద్దరిలో ఎవరిది రైటన్న వాదన మా ఇళ్ళల్లో పెళ్ళి భోజనాల దగ్గర ఇప్పటికీ నడుస్తుంది.

చూడ్డానికి గజపతి కోట ఉంది. కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే పనివాళ్ళున్నారు. ఆ పని చూస్తూ ఓ పూట గడిపేయొచ్చు. బస మాత్రం ఓ మోస్తరే. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ మాకిచ్చింది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న అక్క మెట్ల దగ్గరే ఆ ఊరికి మార్కులు తగ్గించేసింది.

ఉండడానికైతే పాతపట్నం కన్నా పర్లాకిమిడే నయమని నాకనిపించింది. జిల్లా కేంద్రం కాబట్టి ఆఫీసులు, కోర్టు, కాలేజీలు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. పెట్రోలు లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ కాబట్టి మన వైపు బళ్ళు అక్కడికెళ్ళి ట్యాంకు నింపుకుంటాయి. కానీ బావ లెక్క వేరు. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 4,000, ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెడతారు. ఒడిశాలో 80 ఏళ్ళు దాటితే 3,500, ఆలోపు వాళ్ళకు అందులో సగం కూడా రాదు. అక్కడ 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళలో అర్హులకు సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 రెండు విడతలుగా వేస్తారు, కానీ అక్క వయసు ఆ గీత దాటేసింది. ఇటు 2025 ఆగస్టు 15 నుంచి మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఆంధ్రా చిరునామా ఉన్న గుర్తింపు కార్డుండాలి, రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. అంటే పర్లాకిమిడిలో కాపురం పెడితే శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డబ్బులు పెట్టాల్సిందే. "ఒరే, ఊరు బాగుందని కార్డు మార్చుకుంటామా?" అన్నాడు బావ.

కార్డుల మాటకొస్తే అసలు కథ కొరాపుట్ వైపు కొఠియాలో ఉంది. ఆ 21 గ్రామాలు మావంటే మావన్న రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రేషన్ కార్డులుంటాయి, రెండు ప్రభుత్వాలూ పిలిచి మరీ ఇస్తాయి. మాకంత అదృష్టం లేదు.

పర్లాకిమిడి దాటాక కొండలు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి కట్టినవి. శివరాత్రికి జనం పోటెత్తుతారు, మామూలు రోజుల్లో మనమూ గాలీ అంతే. తిండి, నీళ్ళు మనమే పట్టుకెళ్ళాలి, చీకటి పడేలోగా దిగిపోవాలి. సొంత బండి లేకపోతే ఈ దారి పెట్టుకోవద్దు. గజపతి జిల్లాలో నాకు నచ్చనిది ఇదొక్కటే: చూడాల్సినవి బోలెడు, వెళ్ళే బస్సులు తక్కువ.

మోహన ఊరి వైపున్న చంద్రగిరి చేరేసరికి వేరే దేశానికొచ్చినట్టుంటుంది. 1960ల్లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల శిబిరాలవి. జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. లోపల బుద్ధుడి ముందు కూర్చుంటే బయట మొక్కజొన్న చేలల్లోంచి గాలి తప్ప మరో చప్పుడు లేదు. అక్క మోమోలు తినను అంటూనే ప్లేటు ఖాళీ చేసింది. ఈ మొత్తం తిరుగుడులో కేవలం చూడ్డానికే మళ్ళీ వెళ్ళే చోటు అడిగితే ఇదే చెప్తాను. శ్రీకాకుళం జిల్లాలో దీనికి సాటి ఏదంటే శ్రీముఖలింగం చెప్పాలి. శిల్పం దగ్గర ముఖలింగానిదే పైచేయి, ప్రయాణం చేసిన తృప్తి మాత్రం జిరంగ్‌లోనే ఎక్కువ.

తప్తపాణిలో వేడినీటి ఊట ఉంది. ఘాటు దిగి కారులో ఒళ్ళు నలిగినవాళ్ళకు ఆ నీళ్ళు మందులా పనిచేస్తాయి. అక్కడ రాత్రి ఉండాలంటే ప్రభుత్వ పంథనివాస్ గది ముందే బుక్ చేసుకోవాలి, శీతాకాలం శనాదివారాల్లో దొరకడం కష్టం.

బరంపురం చేరాక ముగ్గురం లేచి కూర్చున్నాం. ఒడిశాలో ఉన్నా తెలుగింటి వాసన పోని ఊరిది. వి.వి.గిరి 1894లో పుట్టింది ఇక్కడే. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి జాతరను నడిపేవాళ్ళలో మన దేవాంగులే ముందుంటారు. బరంపురం పట్టు చీర, అప్పడాలు, ఊరగాయలు కొనకుండా అక్క కదిలితే ఆశ్చర్యం. పొద్దున ఇడ్లీ, గారె తెలుగు హోటల్లో, సాయంత్రం మూఢీ (మరమరాల) మిక్చరు బండి దగ్గర, రెండూ రెండొందల గజాల్లో దొరికాయి. పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్న ఊరు కావడంతో సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం రోగులంతా శ్రీకాకుళం మాట మరచి ఇక్కడికే వస్తారు. ఇచ్ఛాపురంలో ఉంటే బరంపురమే మీ పెద్ద ఊరు, పర్లాకిమిడిలో ఉంటే శ్రీకాకుళం, అది చాలకపోతే వైజాగ్.

గోపాల్‌పూర్ మీద నాకంత మోజు లేదు. పాత రేవు గోడలు, లైట్‌హౌస్, అలలు బాగున్నాయి. సముద్రం మాత్రం లోతుకు లాగేస్తుంది, స్నానానికి దిగకండి. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో చెక్ అవుట్ ఉదయం ఎనిమిదికే అన్నారు. రాత్రి పదింటికి చేరినా సరే, పొద్దున్నే తలుపు కొట్టి లేపారు. మన వైపు పలాసలో అయితే గదిలో అడుగుపెట్టిన గంట నుంచి ఇరవైనాలుగ్గంటలు లెక్కేస్తారు. పిల్లలతో వెళ్తే బారువ తీరమే హాయి. తుఫాన్ల విషయంలో ఎవరూ మిగల్లేదు: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల్లో మట్టిపెళ్ళలు కూల్చి ప్రాణాలు తీసింది.

ఇల్లు కొందామనుకునేవాళ్ళు గజపతి జిల్లాలో స్థలం చూసే ముందు అది షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందో లేదో కనుక్కోండి. గిరిజనుల భూమి మనం కొనకూడదు. అక్కడ 1956 నాటి రెగ్యులేషన్, ఇక్కడ వన్ ఆఫ్ సెవెంటీ (1/70) చట్టం అడ్డుకుంటాయి. మధ్యవర్తి నవ్వుతూ "ఏం పర్లేదు బాబూ" అన్నాడంటే బండెక్కేయండి.

ఇచ్ఛాపురంలో టిఫిను తింటుండగా బావ పాతపట్నమే ఖాయమన్నాడు. అక్క ఒప్పుకోలేదు, డాక్టరూ పట్టుచీరా రెండూ ఉన్న బరంపురంలో అద్దెకుందామంది. వెనక్కి తిప్పి, అక్కడ రెండు మూడు ఇళ్ళ అద్దెలు అడిగొచ్చాం. కారెక్కాక చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు.