ఒకే పేజీలో ఆంగ్యులర్, రియాక్ట్, వ్యూ: మూడేళ్లు వాడాక

మా ఆఫీసు బెంగళూరులో బెళ్లందూరు దగ్గర. అక్కడ నేను చూసుకునే పేజీలో ఎడమవైపు ఫారమ్ ఆంగ్యులర్‌లో ఉంటుంది, మధ్యలో చార్టు రియాక్ట్‌లో, కింద కస్టమర్ల జాబితా వ్యూలో. మూడూ వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లే. మూడు టీములు, ఎవరి రిలీజ్ వాళ్లది. మూడింటినీ కస్టమ్ ఎలిమెంట్లుగా (మనమే పేరు పెట్టుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగులుగా) చుట్టి 2022 నుంచి ఒకే పేజీలో నడుపుతున్నాం. పేజీ విరిగితే ఫోన్ వచ్చేది నాకే. అందుకే ఈ పద్ధతి గురించి ఇంతకాలం వాడాక రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నాకిది నచ్చింది. ఒక టీమ్ రిలీజ్ కోసం ఇంకో టీమ్ రాత్రి దాకా కూర్చోవాల్సిన అవసరం పోయింది. అదొక్కటే చాలు నాకు. కానీ చాలామంది షాడో డామ్ (ట్యాగు లోపలి భాగాన్ని పేజీ నుంచి విడిగా ఉంచే బ్రౌజర్ సదుపాయం) పెట్టేస్తే విడ్జెట్లు, అంటే పేజీలోని ఈ భాగాలు, ఒకదాని జోలికి ఒకటి రావని అనుకుంటారు. అది లోపలి ట్యాగులకు, సీఎస్‌ఎస్‌కు (రంగులు, సైజుల లాంటి స్టైల్స్‌కు) గోడ, జావాస్క్రిప్ట్‌కు కాదు. విండో (పేజీలోని కోడ్ అంతా పంచుకునే ఆబ్జెక్ట్) అందరికీ ఒకటే, డాక్యుమెంట్ ఒకటే, మామూలుగా ట్యాగు పేర్లు నమోదయ్యే చోటూ ఒకటే. మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: గదులకు తాళాలు వేరు, పైన నీళ్ల ట్యాంకు ఒకటే.

నన్ను బాగా ఏడిపించిన బగ్ సంక్రాంతికి రెండు రోజుల ముందు వచ్చింది. జాబితా చూసే కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, నాదొక్కటే పెడితే బ్రహ్మాండంగా వస్తోంది. చార్టు కూడా పెట్టగానే నాది ఖాళీగా ఉండిపోతోంది" అన్నాడు. వరస మార్చి చూశాం. ఈసారి జాబితా వచ్చింది, చార్టు పోయింది. కాన్సోల్‌లో ఎర్రగా 'కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్' తప్ప ఇంకేం లేదు. ఎవరి కోడ్ వాళ్లు చదువుకుంటే తప్పు కనిపించదు, ఎందుకంటే రెండింట్లోనూ తప్పు లేదు.

రాత్రి తొమ్మిదింటికి కాన్సోల్‌లో 'విండో' అని రాసి, చుక్క పెట్టి, 'వెబ్‌ప్యాక్‌చంక్' అని టైప్ చేశాను. వెబ్‌ప్యాక్ అంటే కోడ్ ఫైళ్లను కలిపి బండిల్‌గా కట్టే పనిముట్టు. విడిగా ముక్కలు లోడ్ చేసుకునే ప్రతి వెబ్‌ప్యాక్ 5 బండిల్ విండో మీద ఒక అర్రే (వరసగా విలువలు దాచుకునే చోటు) పెట్టుకుంటుంది, దాని పేరు ఈ మాటతోనే మొదలవుతుంది. రెండు బండిల్స్ ఉన్నాయి కాబట్టి రెండు పేర్లు రావాలి. ఒక్కటే వచ్చింది. ఆ పేరులో మిగతా భాగం ప్రాజెక్టు వివరాలుండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లోని 'నేమ్' నుంచి వస్తుంది. చార్టు టీమూ జాబితా టీమూ ఆఫీసులోని ఒకే స్టార్టర్ ప్రాజెక్టును కాపీ చేసుకుని లోపల ఫ్రేమ్‌వర్క్ మార్చుకున్నారు, 'నేమ్' మాత్రం ఇద్దరూ మార్చలేదు. దాంతో ఒకరి ముక్కలు ఇంకొకరి ఖాతాలోకి వెళ్లిపోతున్నాయి. పేరు మార్చి బిల్డ్ చేశాం, రెండూ వచ్చేశాయి. ఇప్పుడు కొత్త విడ్జెట్ వస్తోందంటే ఆ పేరును నిర్ణయించే 'అవుట్‌పుట్ యూనిక్‌నేమ్' సెట్టింగ్ వేరుగా రాసి ఉందో లేదో చూశాకే పేజీలోకి రానిస్తాను.

అప్పటినుంచి వెతికే పద్ధతి కూడా కుదిరింది. ముందు ఒక్కో విడ్జెట్ విడిగా, తర్వాత జతలుగా, తర్వాత అదే జత వరస మార్చి. వరస మారితే చెడిపోయే విడ్జెట్ మారుతోందా, అయితే కోడ్ చదవడం ఆపి ఉమ్మడి వస్తువు ఏదో వెతకాలి.

ఇంకోటి నెమ్మదిగా బయటపడింది. చార్టు మీద మౌస్ కదిపితే ఫారమ్‌లో టైపింగ్ తడబడేది. చార్టు ట్యాగును ఆంగ్యులర్ టెంప్లేట్‌లోనే పెట్టాం. అందువల్ల రియాక్ట్ తన రూట్ దగ్గర పెట్టుకునే ఈవెంట్ లిజనర్లన్నీ (మౌస్ కదలిక లాంటివి వినే కోడ్) ఆంగ్యులర్ జోన్, అంటే ఆంగ్యులర్ కనిపెట్టుకుని ఉండే పరిధి, లోపలే నమోదయ్యాయి. మౌస్ అంగుళం కదిలితే చాలు, ఆంగ్యులర్ మళ్లీ మళ్లీ చేంజ్ డిటెక్షన్ (తన స్క్రీన్‌లో ఏం మారిందో వెతకడం) చేసేది. చార్టును ఆ జోన్ బయట కోడ్ నడిపే 'రన్ అవుట్‌సైడ్ ఆంగ్యులర్' లోపల తయారుచేసి పెట్టాక ఫారమ్ తేలికపడింది. ఇది ఎర్రర్‌గా కనిపించదు. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రికార్డు చేసి చూస్తే తప్ప దొరకదు.

మిగతావి చిన్నవే అయినా ఒక్కోటి ఒక పూట తినేశాయి. ఒకే ట్యాగు పేరును రెండోసారి నమోదు చేస్తే బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుంది. 'ఉంటే వదిలెయ్' అని చెక్ పెట్టాం, అప్పుడు ముందు లోడైన పాత వెర్షనే గెలవడం మొదలైంది. ఒకసారి నమోదైన పేరును తీసేసే దారి లేదు, కాబట్టి ఇప్పుడు ట్యాగు పేరులోనే వెర్షన్ అంకె పెడుతున్నాం. షాడో డామ్ లోపలి నుంచి పంపే కస్టమ్ ఈవెంట్‌కు 'బబుల్స్' (పై ట్యాగులకు ఎక్కడం) ఒక్కటే చాలదు, 'కంపోజ్డ్' (షాడో గోడ దాటడం) కూడా ట్రూ ఉండాలి, లేకపోతే బయటివాళ్లకు వినపడదు. రియాక్ట్ 18లో కస్టమ్ ఎలిమెంట్‌కు ఆబ్జెక్ట్ పంపితే అది అట్రిబ్యూట్‌గా మారి 'ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్' అనే అక్షరాలుగా చేరేది. 2024 డిసెంబర్‌లో వచ్చిన రియాక్ట్ 19 దాన్ని సరిచేసింది. మేం మారిన రోజు, దానికోసం రాసుకున్న రిఫ్ కోడ్ (ఎలిమెంట్‌ను నేరుగా పట్టుకుని విలువ పెట్టే కోడ్) మొత్తం తీసేశాను.

ఫాంట్ సంగతి మాత్రం నాకు బాధ కలిగించింది. జాబితాలో కస్టమర్ల పేర్లు తెలుగులోనూ వస్తాయి. మేం ఎంచుకున్న తెలుగు ఫాంట్‌ను జాబితా టీమ్ తన షాడో రూట్ స్టైల్స్‌లో 'ఫాంట్ ఫేస్'గా (ఫాంట్ ఫైల్‌ను తెప్పించే సీఎస్‌ఎస్ నియమంగా) రాసుకుంది. అక్కడ రాస్తే బ్రౌజర్ పట్టించుకోదు. దాంతో తెలుగు పేర్లు ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా, వత్తులు కింది వరసను తగులుతూ కనిపించాయి. ఇంగ్లిష్ పేర్లు చక్కగానే ఉండటంతో టెస్టింగ్‌లో ఎవరూ గమనించలేదు. డిక్లరేషన్‌ను మెయిన్ డాక్యుమెంట్‌లోకి మార్చి, టెస్ట్ డేటాలో 'కృష్ణమూర్తి', 'లక్ష్మీప్రసన్న' అని రెండు పేర్లు చేర్చాను.

ఒకే టీమ్, ఒకే ఫ్రేమ్‌వర్క్ అయితే మాత్రం దీని జోలికి వెళ్లకండి. రెండు మూడు ఫ్రేమ్‌వర్క్‌ల కోడ్ యూజర్ ఫోన్‌లోకి దిగుతుంది, ఆ బరువు భరించడానికి గట్టి కారణం ఉండాలి. టీములు నిజంగా వేరైతే తీసుకోవచ్చు. మాకు ఇంకా తేలనిది పాపప్‌ల గొడవే. చార్టు పాపప్ పోర్టల్ (రియాక్ట్ భాగాన్ని పేజీలో వేరేచోట పెట్టే పద్ధతి) ద్వారా నేరుగా పేజీ బాడీలోకి వెళ్లి, షాడో రూట్‌లోని స్టైల్స్ అందక బోసిగా తెరుచుకునేది. పోర్టల్ గమ్యాన్ని షాడో రూట్ లోపలికే మార్చాం, స్టైల్స్ వచ్చాయి, కానీ చిన్న స్క్రీన్ల మీద ఇప్పుడు ఫారమ్ హెడర్ కింద దూరుతోంది. ఈ వారం దాని మీదే ఉన్నాను.