బుడిపెల రబ్బరు బ్యాట్, స్పాంజి బ్యాట్

1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల వరకు అగ్రశ్రేణి క్రీడాకారుల చేతుల్లో ఎక్కువగా కనిపించినది చెక్కపై పలుచని బుడిపెల రబ్బరు అంటించిన బ్యాట్. బంతి దానికి తగిలినప్పుడు టక్కుమనే శబ్దం స్పష్టంగా వినిపించేది. ఆ శబ్దాన్ని బట్టే దెబ్బ బలాన్ని ఎదుటి ఆటగాడు అంచనా వేసేవాడు. ఈ బ్యాట్‌తో బంతిని అదుపులో ఉంచడం సులభమే గానీ, ఇద్దరూ రక్షణకే పరిమితమైతే ఆట అంతులేకుండా సాగేది. 1936లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో పోలెండ్ ఆటగాడు ఎర్లిచ్, రొమేనియా ఆటగాడు పానెత్‌ల మధ్య ఒక్క పాయింటు తేలడానికే రెండు గంటలకు పైగా పట్టింది. ఆ మరుసటి ఏడాది నెట్ ఎత్తును తగ్గించారు.

బొంబాయిలో జపాన్ ఆటగాడు హిరోజీ సాతో మందపాటి స్పాంజి అతికించిన బ్యాట్‌తో దిగి, ఫైనల్లో హంగరీకి చెందిన కోచియాన్‌ను ఓడించాడు. స్పాంజి బంతిని క్షణకాలం తనలోకి అదుముకొని వేగంగా విసురుతుంది, పైగా దాదాపు శబ్దమే చేయదు కనుక ఎదుటివారి చెవికి ఏ సూచనా అందదు. ఇది అన్యాయమన్నవారి బాధ అర్థం చేసుకోదగినదే అయినా, గంటల తరబడి నెట్టుకునే ఆటకంటే దాడికి ఊపునిచ్చిన ఈ బ్యాట్‌నే నేను మెచ్చుకుంటాను. చివరకు 1959లో అంతర్జాతీయ సమాఖ్య విడి స్పాంజిని నిషేధించి, రబ్బరు, స్పాంజి కలిసిన పొరను 4 మిల్లీమీటర్ల మందానికి పరిమితం చేసింది.