ఫైళ్ళు సర్దడం: ఒక్కసారిగానా, విడతలవారీగానా?

పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కోడ్ ఫోల్డర్లు గజిబిజిగా తయారయ్యాక ప్రతి టీమ్‌లోనూ ఇదే చర్చ. అన్నీ ఒకేసారి సర్దేయాలా, పనిలో పనిగా కొన్ని కొన్ని జరుపుకుంటూ పోవాలా? నన్ను అడిగినవాళ్ళలో దాదాపు అందరూ లెక్కేసుకునేది సర్దే రోజు శ్రమ ఒక్కటే. అది చిన్నదే. ఇంపోర్టులు (ఒక ఫైలు మరో ఫైలును వాడుకుంటానని చెప్పే లైన్లు) చాలావరకు ఎడిటరే మార్చిపెడుతుంది, మిగిలినవి బిల్డ్‌లో బయటపడతాయి. అసలు బరువు ఆరు నెలలు పోయాక, పాత రిలీజ్‌లో బగ్ సరిచేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఫైలు చోటు మారిందని గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ఎక్కడా రాసిపెట్టుకోదు. అడిగినప్పుడల్లా పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి, మామూలుగా 50 శాతం పోలిక ఉంటే రెండూ ఒకటేనని అంచనా వేస్తుంది. నలభై లైన్ల చిన్న ఫైలును జరిపి, అదే కమిట్‌లో (ఒకసారికి భద్రపరిచే మార్పుల కట్టలో) ప్యాకేజీ పేరు, ఇంపోర్టులు, రెండు మూడు ఫంక్షన్లు కూడా మార్చామనుకోండి. పోలిక ఆ హద్దు కిందికి జారిపోతుంది. ఇక ఏ లైను ఎవరు రాశారో చూపే బ్లేమ్ చూస్తే ప్రతి లైనూ ఫైలు జరిపినవాళ్ళ పేరు మీదే ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆ వింత షరతు ఎందుకు పెట్టారో చెప్పే కమిట్ మరుగున పడిపోతుంది. అందుకే జరపడం ఒక కమిట్, లోపల మార్చడం మరో కమిట్‌గా ఉండాలి. ప్రధాన కోడ్‌లో కలిపేటప్పుడు (మర్జ్) కమిట్లన్నిటినీ ఒకటిగా కుదిస్తే (స్క్వాష్) రెండూ మళ్ళీ ఒకటైపోతాయి, అక్కడ జాగ్రత్త. జరిపిన కమిట్ ఒక్కటే బిల్డ్ కాకపోవచ్చు, బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే బైసెక్ట్ దాని మీద ఆగితే స్కిప్ చేయాలి. ఆ మాత్రం ఇబ్బంది నేను భరిస్తాను.

ఒక ఫిక్స్‌ని పాత రిలీజ్ బ్రాంచ్‌లోకి (ఆ రిలీజ్ కోసం విడిగా ఉంచిన కోడ్ పాయలోకి) తెచ్చే చెర్రీ-పిక్ దగ్గర మాత్రం ఈ జాగ్రత్త కూడా చాలదు. గిట్ అక్కడ మధ్యలోని కమిట్లను ఒక్కొక్కటిగా చూడదు. మన ఫిక్స్‌కి ముందున్న కోడ్‌నీ, పాత బ్రాంచ్‌లో ఇప్పుడున్న కోడ్‌నీ మాత్రమే పోలుస్తుంది. ఈలోగా ఫైలు బాగా మారిపోయి ఉంటే రెండు లైన్ల ఫిక్స్‌కి కూడా, ఆ ఫైలు ఇక్కడ లేదంటూ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. అప్పుడు అది పాత బ్రాంచ్‌లో ఎక్కడుందో మనమే వెతికి, చేత్తో మార్చాలి.

నా మటుకు నాకు ఏది మేలో తేలేది ఇక్కడే. విడతలవారీగా జరిపితే ఒక్కో రిలీజ్ బ్రాంచ్‌లో ఒక్కో అమరిక ఉంటుంది. ఒకదానిలో ఫైలు పాత చోట, తర్వాతిదానిలో మధ్యలో ఏదో ఫోల్డర్‌లో, ఆపై దానిలో కొత్త చోట. ఒకే ఫిక్స్‌ని మూడు చోట్ల మూడు రకాలుగా పెట్టాలి. ఒకేసారి జరిపితే పాత అమరికకీ కొత్తదానికీ మధ్య దాటాల్సిన గీత ఒక్కటే. పైగా విడతల పని పూర్తవుతుందన్న భరోసా లేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో అది ఏడాదిన్నర సాగింది, మొదలుపెట్టినవాళ్ళు మధ్యలోనే వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. కొత్త ఫైలు ఏ ఫోల్డర్‌లో పెట్టాలని కొత్తవాళ్ళు అడిగితే ఒక్కొక్కరం ఒక్కో జవాబు చెప్పేవాళ్ళం.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నల్‌లో ఐ386 (32-బిట్ ప్రాసెసర్ల కోడ్), ఎక్స్86_64 (64-బిట్‌వి) ఫోల్డర్లను కలిపి ఎక్స్86 చేసినప్పుడు పట్టిన దారి నాకు బాగా నచ్చుతుంది. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 వెర్షన్‌కి ఫైళ్ళను కొత్త ఫోల్డర్‌లోకి చేర్చేశారు. రెండు వైపులా ఒకే పేరుతో ఉండి, కోడ్ వేరుగా ఉన్నవాటి చివర _32, _64 అని తగిలించారు. లోపలి కోడ్‌ని కలపడం ఆ తర్వాతి వెర్షన్లలో నిదానంగా చేసుకున్నారు.

విడతల పద్ధతికి ఉన్న బలమైన వాదన, అందరి బ్రాంచ్‌లూ సగం పనితో తెరిచి ఉంటాయి కదా, ఒకేసారి జరిపితే అవన్నీ చెదిరిపోవా అన్నది. నిజమే, కానీ ఇప్పుడు ఆ టెన్షన్ కొంత తగ్గింది. ఫోల్డర్ మొత్తం జరిగితే 2018లో వచ్చిన 2.18 వెర్షన్ నుంచి గిట్ దాన్ని పోల్చుకోగలదు. వేరే బ్రాంచ్‌లో ఎవరైనా పాత ఫోల్డర్‌లో పెట్టిన కొత్త ఫైలు కూడా కొత్త చోటికి వెళ్ళాలని గ్రహిస్తుంది. ఒక ఫోల్డర్‌ని సమానంగా రెండుగా చీల్చితే మాత్రం ఆ సాయం అందదు. ఇక మీ కోడ్‌ని బయటివాళ్ళు ఆ పాత పాత్‌లతోనే (ఫైలు ఉన్న చోటు చిరునామాలతోనే) ఇంపోర్ట్ చేసుకుంటుంటే విడతలే గతి.

మిగిలిన దారుల్లో, పాత చోట కొత్త చోటికి దారి చూపే లింకు ఫైళ్ళు పెట్టడం నాలుగు రోజులకి సరే. అసలేమీ కదపకుండా వదిలేయడం మూసేయబోయే ప్రాజెక్టుకి చాలు.

ముహూర్తం విషయంలో నాది చాలామందికి భిన్నమైన మాట. రిలీజ్ అయిపోయాక తీరిగ్గా సర్దుదామంటారు. అలా చేస్తే ఎక్కువ ఫిక్స్‌లు పడే తాజా రిలీజ్ పాత అమరికలోనే ఉండిపోతుంది, దాని మద్దతు ముగిసేదాకా గీత దాటుతూనే ఉండాలి. మేము ఈసారి రిలీజ్ బ్రాంచ్ తీయడానికి రెండు వారాల ముందే సర్దేశాం.