శివరాత్రి దాటినా చలి పోని చోట: పాత మనాలిలో ఒక హోమ్‌స్టే

చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందన్న మాట మన మైదానాలకే చెల్లుతుందని, మార్చి మొదటి వారంలో పాత మనాలిలోని ఒక హోమ్‌స్టేలో నాలుగు రాత్రులు గడిపాక నాకు తెలిసివచ్చింది. సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో మొదటి రోజు స్వెటర్లు విప్పి ఎండ కాగిన మేము, మర్నాడు తెల్లవారేసరికి మెట్ల మీద జానెడు మంచు చూశాము. మధ్యధరా ప్రాంతం నుంచి కదిలివచ్చి వానను, మంచును తెచ్చే పశ్చిమ అలజడులు చలికాలం చివరిదాకా హిమాలయాలను తాకుతూనే ఉంటాయి కనుక, ఈ రోజుల్లో బస వెతుక్కునేవారు కిటికీలోంచి కనిపించే కొండకన్నా ముందు గది వెచ్చదనాన్ని, నీటి వసతిని విచారించుకోవాలి.

వెచ్చదనానికి వంక పెట్టలేను. రాతి వరుసల మధ్య దేవదారు దూలాలు పేర్చి కట్టే కాఠ్‌కుణీ పద్ధతి ఇల్లు కావడంతో రాత్రి చలి లోపలికి అంతగా దిగలేదు. భోజనాల గదిలో, అక్కడివారు తందూరు అని పిలిచే ఇనుప కట్టెల పొయ్యి పొగగొట్టంతో సహా ఉంది (పేరు విని నేను రొట్టెలు కాల్చమని అడిగి నవ్వులపాలయ్యాను). దాని పక్కన కూర్చుని, పులిసిన గోధుమపిండిలో అక్రోటు ముద్ద పెట్టి ఆవిరిపై ఉడికించిన సిడ్డూను నేతిలో ముంచుకుని తినడం కోసమే మళ్లీ వెళ్లవచ్చు.

నీళ్ల సంగతి వేరు. రెండు ఉదయాలు గొట్టాలు గడ్డకట్టి, పది గంటలదాకా బకెట్ల నీళ్లతోనే సరిపెట్టుకున్నాము. గదిలో హీటరుకు విడిగా రోజుకు 400 రూపాయలని ముందుగా చెప్పకపోవడం మరింత బాధించింది.

అయితే యజమాని వాతావరణ జ్ఞానం ఆ లోటును చాలావరకు పూడ్చింది. 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతలి సిస్సూ అనే ఊరికి వెళ్దామని మేము బయలుదేరబోతే, మేఘాల తీరు చూసి ఆయన ఆపారు. మధ్యాహ్నానికి మామూలు కార్లను సొరంగానికి ఇవతలే, సోలంగ్ దగ్గర, వెనక్కి పంపుతున్నారని తెలిసింది. మంచు పడితే మేము దిగులుపడ్డాము గానీ ఆయన సంతోషించారు, ఎందుకంటే ఆపిల్ చెట్లకు తగినంత చలి అందకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు. హోమ్‌స్టే ప్రకటనలోని తెల్లని పూల తోట మాత్రం ఏప్రిల్ నాటి ఫొటో. మేము చూసింది మోడు కొమ్మలనే.