మూడు రోజుల కబడ్డీ, నాలుగు సబ్బు బిళ్లలు

అనంతపురం ఊరి అంచున ఒక ఇండోర్ స్టేడియంలో మొన్న డిసెంబరులో మూడు రోజులు కబడ్డీ పోటీలు పెట్టారు. టికెట్టు 30 రూపాయలు. స్టేడియం పేరు రాయను. మూడో రోజుకైనా వాళ్లు నా మాట కొంత విన్నారు, ఆ మాత్రం మర్యాద నేనూ పాటించాలి. ఆట ఎలా జరిగిందో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పేది అక్కడి బాత్రూముల గురించి, తాగే నీళ్ల గురించి, మ్యాట్ తుడిచిన గుడ్డ గురించి. ముప్పై యేళ్లు ఏఎన్ఎంగా పల్లెలు తిరిగి రిటైరైనదాన్ని. ఎక్కడికి పోయినా నా చూపు ముందు కొళాయి మీద పడుతుంది, తర్వాతే మనుషుల మీద.

కమిటీలో మా మేనల్లుడు ఉన్నాడు. "అత్తా, ఫస్ట్ ఎయిడ్ బల్ల దగ్గర ఊరికే కూర్చో, నువ్వుంటే మాకు ధైర్యం" అన్నాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని వాడికీ తెలుసు. బల్ల వేసిన చోటు మాత్రం బ్రహ్మాండం. ఎడమ పక్క గేటు, కుడి పక్క బాత్రూములకు పోయే దారి, ఎదురుగా మ్యాట్. వీఐపీ కుర్చీలో కూర్చున్నా ఇంత కనపడదు.

మొదటి రోజు పొద్దున్నే చేతులు కడుక్కుందామని పోయాను. కొళాయిలో నీళ్లు వస్తున్నాయి, సబ్బు లేదు. "సబ్బు పెడితే పది నిమిషాల్లో మాయమమ్మా" అన్నాడు వాచ్‌మన్. దానికి బదులు గేటు దగ్గర కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు ఉంది, కరోనా నాటిది. తొక్కి చూశాను. చేతిలో పడిందానికి వాసన లేదు, చల్లదనం లేదు. సీసాలో ఎవరో నీళ్లు కలిపి సాగదీస్తున్నారు. అరవై శాతమైనా ఆల్కహాలు లేకపోతే అది శానిటైజర్ కాదు, తీర్థం. సరైనదే పోసినా దుమ్ము, చెమట పట్టిన చేతుల మీద దాని పని అంతంతమాత్రం. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి దానికి సరిగా లొంగవు. వాటికి సబ్బూ నీళ్లూ పెట్టి ఇరవై సెకన్లు రుద్దాల్సిందే.

ఆడవాళ్లకు బాత్రూములు రెండు. ఒకదానికి తాళం. లోపల ఏముందని అడిగితే ప్లాస్టిక్ కుర్చీలట. మిగిలిన ఒక్కదానికి గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఆడపిల్లల జట్లు నాలుగు వచ్చాయి. మధ్యాహ్నానికి ముగ్గురు పిల్లలు పిక్కలు పట్టేశాయని నా బల్ల దగ్గరికి కుంటుకుంటూ వచ్చారు. పొద్దుట్నుంచి ఎన్ని నీళ్లు తాగారని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తాగితే ఆడికి పోవాల గదక్కా" అంది గుంతకల్లు పిల్ల. పిక్కలకు నూనె రాసి, ఓఆర్ఎస్ కలిపిచ్చి పంపాను. ఆ తాళం విషయం మేనల్లుడికి మూడు రోజుల్లో ఆరుసార్లు చెప్పాను. తాళంచెవి ఉన్న మనిషి కర్నూలు పోయాడని ఆరుసార్లూ అదే జవాబు.

నీళ్ల సంగతికి వస్తే, గ్యాలరీ మెట్ల కింద నీలం రంగు డ్రమ్ము, దాని మూత మీద గొలుసు కట్టిన స్టీలు గ్లాసు. ఎవరొచ్చినా ఆ గ్లాసే ముంచాలి. వేళ్లు నీళ్లలో మునగకుండా గ్లాసు ముంచే విద్య నాకైతే తెలియదు. పైగా డ్రమ్ముకు పది అడుగుల దూరంలోనే సబ్బు లేని బాత్రూము. అక్కడి నుంచి చెయ్యి నేరుగా డ్రమ్ములోకే. పచ్చకామెర్లు, టైఫాయిడ్ ఊళ్లోకి వచ్చేది ఇలాంటి దారులగుండానే. నేను పనిచేసిన పల్లెలో ఒక పెళ్లి తర్వాత ఇంటింటికీ తిరిగి కామెర్ల లెక్క రాసుకున్నదాన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక మ్యాట్. మగవాళ్ల కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాని మీద ఒక మ్యాచ్‌లో పద్నాలుగు మంది పడతారు, దొర్లుతారు, మోకాళ్లు గీసుకుంటారు. నెత్తురు వస్తే ఆటగాడు బయటికి పోయి కట్టు కట్టించుకునే రావాలి. ఆ రూలును రిఫరీలు గట్టిగానే పాటించారు, మెచ్చుకోవాలి. కానీ మ్యాట్ మీద పడిన నెత్తురు చుక్క సంగతి? మొదటి రోజు సాయంత్రం ఒక అబ్బాయి మాపు కర్ర తెచ్చి బరబరా తుడిచేశాడు. ఆ మాపును నేను అంతకు అరగంట ముందే చూశాను, బాత్రూము ముందర. ఆ గళ్ల తువ్వాలు ముక్క మరిచిపోయేది కాదు.

"నాయనా, ఇది ఆడ తుడిచిందే కదా?" అని అడిగాను.

"పిండినానమ్మా" అన్నాడు.

పిల్లవాణ్ని తిట్టి లాభం లేదు. వాడికి ఇచ్చిందే ఒక్క మాపు. రెండోది కొనడానికి అయ్యేది రెండు మూడొందలు. మెమెంటోలకు ఎంతయ్యిందో నేను అడగలేదు, బీపీ మాత్ర వేసుకునేదాన్ని. తామర అంటుకోవడానికైనా, గీసుకుపోయిన మోకాలు చీము పట్టడానికైనా మురికి మ్యాట్, అందరూ తుడుచుకునే ఒకే తువ్వాలు చాలు. రెండో రోజు నా బల్ల మీద తామర మందు అడిగినవాళ్లు ఐదుగురు. ఐదుగురూ ఒకే జట్టు, ఒకే తువ్వాలు.

కబడ్డీకి ఇంకో గొడవ ఉంది. కూత ఆపకుండా ఎదుటివాడి మొహంలో మొహం పెట్టి ఆడే ఆట ఇది. గట్టిగా పలికే మాటకు నోట్లోంచి తుంపర్లు ఎక్కువ వస్తాయి. చుట్టూ వెయ్యి మంది ఈలలు, కేకలు. అలాంటి హాల్లో చలి అని కిటికీలన్నీ మూసేశారు. మధ్యాహ్నానికే గాలి చిక్కబడింది, వేడి సంగటి గిన్నె మూత తీసినట్టు మొహానికి కొట్టింది. ఇద్దరు కుర్రాళ్లను పట్టుకుని ఎదురెదురు కిటికీలు నాలుగు తెరిపించాను. వెనక వరసలో ఒకాయన శాలువా కప్పుకుని నా వైపు గుర్రుగా చూశాడు. చూడనీ.

క్రికెట్‌లో బంతికి ఉమ్ము రాయొద్దని ఐసీసీ 2020లో నిషేధం పెట్టింది, 2022లో దాన్ని శాశ్వతం చేసింది. 2025 ఐపీఎల్‌కు వచ్చేసరికి మనవాళ్లు మళ్లీ సరే అన్నారు. కబడ్డీలో అరచేతుల్లో ఉమ్ముకుని, చేతులు రుద్దుకుని బరిలోకి దిగేవాళ్లను ఆ మూడు రోజులూ చూశాను. దాని మీద రూలు గానీ, చర్చ గానీ ఉన్నట్టు నేనైతే వినలేదు.

రెండో రోజు అసలు కథ. గేటు దగ్గర టికెట్లు చించే కుర్రాడికి ఇరవై యేళ్లు ఉంటాయి. టికెట్లు అంటుకుపోతుంటే నాలుకతో వేలు తడుపుకుని, ఒకటి చించి, మనిషి చేతిలో పెడతాడు. మళ్లీ వేలు నాలుక మీదికి. మొదటి రోజు చూసి నవ్వుకున్నాను. రెండో రోజు వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతున్నాడు. పిలిచి థర్మామీటర్ పెడితే 102. ఇంటికి పో నాయనా అన్నాను.

"పోతే ఈ పొద్దు కూలి పాయె గదమ్మా."

అయిదు వందలు. వాణ్ని పెట్టిన కాంట్రాక్టరు లెక్కలో రాకపోతే కూలి లేదు, జ్వరమైనా సరే. వచ్చినవాళ్లందరూ ఆ చేతి కిందుగానే లోపలికి పోవాలి. నేను మేనల్లుడి దగ్గరికి పోయి, ఆ అయిదు వందలు కమిటీ ఇస్తుందా, నన్ను ఇమ్మంటావా అన్నాను. "ఏందత్తా, ఒక్క జ్వరానికి ఇంత రాద్ధాంతమా" అన్నాడు.

అప్పుడు వాడికి కొరియా కథ చెప్పాను. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్‌లో వింటర్ ఒలింపిక్స్ ఇంకా మొదలవలేదు, నోరోవైరస్ ముందుగా పట్టుకున్నది సెక్యూరిటీ వాళ్లను. దాదాపు 1,200 మందిని పనిలోంచి తప్పించి 900 మంది సైనికులను దించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది లండన్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ జరిగితే, బోట్స్వానా రన్నర్ ఐజాక్ మక్వాలాకు అదే జబ్బు అనుమానంతో 400 మీటర్ల ఫైనల్‌కు రానివ్వలేదు. తర్వాత 200 మీటర్లకు అర్హత కోసం ట్రాక్ మీద ఒక్కణ్నే పరిగెత్తించారు. ఒలింపిక్స్ వాళ్లకే తప్పలేదు, మనమెంత అన్నాను. మేనల్లుడు కాసేపు తల గోక్కుని జేబులోంచి అయిదు వందలు తీశాడు. కుర్రాడు రెండుసార్లు దండం పెట్టి పోయాడు. వాడి స్థానంలో వచ్చినవాడికి బ్యాంకు క్యాషియర్ల దగ్గరుండే తడి స్పాంజి డబ్బా కొనిచ్చాను. ముప్పై రూపాయలు. మూడు రోజుల్లో నాకు బాగా తృప్తినిచ్చిన ఖర్చు అదే.

అదే సాయంత్రం గ్యాలరీలో ఒక పిల్లోడు వాంతి చేసుకున్నాడు. బహుశా బయట బండి మీద తిన్న బజ్జీలు ఎక్కువై ఉంటాయి, జబ్బే కానక్కర్లేదు. కానీ అది తెలిసేలోపు జబ్బనే అనుకోవాలి. మన అలవాటు ప్రకారం ఎవరో పిడికెడు మట్టి తెచ్చి పోశారు. ఊడ్చే అక్క ఉత్త చేతుల్తో చీపురు పట్టుకుని వచ్చింది. ఆమెను ఆపి, నా గ్లౌజులు ఇచ్చి, జనాన్ని రెండు వరసలు పక్కకు జరిపాను. పాత పేపర్లతో తీయించి కవర్లో మూట కట్టించాను. తర్వాత బ్లీచింగ్ నీళ్లు. లీటరుకు 30 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు వేస్తే దాదాపు ఒక శాతం క్లోరిన్ వస్తుంది, పది నిమిషాలు తడిగా ఉంచి తుడవాలి. పౌడరు మూత తీసి నెలలు అయితే మాత్రం అది సున్నంతో సమానం. స్టేడియం గోడ వెంట ముగ్గు గీసినట్టు చల్లి ఉన్నది అలాంటిదే. చూడటానికి తెల్లగా ఉంది, అంతే.

నేను బ్లీచింగ్ కలుపుతుంటే ఆ అక్క గబగబా పోయి బాత్రూము యాసిడ్ సీసా తెచ్చింది, ఇదీ కలిపితే ఇంకా బాగా పోతుందని. ఎగిరి ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు. "అందుకేనా అమ్మా, బాత్రూము కడిగినపుడల్లా నాకు దగ్గు వస్తాండేది" అంది. ఎన్నేళ్లుగా కలుపుతోందో అడిగాను. నాలుగేళ్లట. నాలుగేళ్లలో ఒక్కరూ ఆమెకు చెప్పలేదు. ఆమె చేసే పనిని నిలబడి చూసినవాళ్లే లేరన్నమాట.

మూడో రోజుకు కొన్ని మారాయి. డ్రమ్ము పోయి కొళాయి ఉన్న నీళ్ల క్యాన్లు, పేపరు గ్లాసులు వచ్చాయి. మ్యాట్‌కు వేరే మాపు, దాని కర్రకు గుర్తుగా ఎర్ర గుడ్డ కట్టారు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టారు. సబ్బు మాయమయ్యే చిక్కుకు విరుగుడు మా ఇంటి నుంచే వచ్చింది. ఎర్రగడ్డలు వచ్చే వల సంచి ఉంటుంది కదా, దాన్ని ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాంట్లో ఒక ఎర్ర సబ్బు బిళ్ల వేసి కొళాయి మెడకు ముడేశాను. నాలుగు కొళాయిలు, నాలుగు బిళ్లలు. ఎవరూ ఎత్తుకుపోలేదు. సాయంత్రానికి సగం అరిగాయి కూడా. సబ్బు పెడితే పది నిమిషాల్లో మాయమని వాచ్‌మన్ అన్న మాట అక్కడే తేలిపోయింది.

శానిటైజర్ స్టాండు మాత్రం అలాగే ఉంది, అవే నీళ్లతో. ఫైనల్‌కు వచ్చిన ముఖ్య అతిథి దాన్ని తొక్కి ఫోటో దిగాడు.

స్టార్లు ఇవ్వాలి కదా. మొదటి రోజుకు ఐదులో ఒకటి, అదీ రిఫరీల కోసం. మూడో రోజుకు మూడు. పనిచేసేవాళ్లకు ఐదుకు ఐదు. చెప్పింది చెప్పినట్టు అందుకున్నది వాళ్లే, గ్లౌజులు, కూలి, మాపు కర్ర ఇవ్వాల్సిన వాళ్లు వేరే. పిల్లల్ని తీసుకుని పోయేవాళ్లు తాగే నీళ్లు, ఎవరి తువ్వాలు వాళ్లు, ఒక సబ్బు ముక్క వెంట తీసుకుపోండి. ఆడపిల్లలను తీసుకుపోతుంటే తలుపు పట్టుకోవడానికి ఒక మనిషిని కూడా.

నిన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. సంక్రాంతికి వాలీబాల్ పెడుతున్నారట, బల్ల దగ్గర కూర్చోవాలట. ఆ రెండో బాత్రూములోంచి కుర్చీలు తీశారా అని అడిగాను.

"తాళంచెవి ఆయన వచ్చినాడత్తా," అన్నాడు. "కుర్చీలు యాడ పెట్టాలో చూస్తాండాం."