పోర్ట్ బ్లెయిర్‌లో సొంత గైడుతో ఒక రోజు: టెక్కలి నుంచి వెళ్ళిన మా కుటుంబం అనుభవం

అండమాన్ వెళ్ళే మన శ్రీకాకుళం వాళ్ళు చాలామంది పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే హావ్‌లాక్ దీవికి పడవ ఎక్కేస్తారు. నా మాట వింటే ఆ ఊరికి ఒక పూర్తి రోజు కేటాయించండి. అదీ పదిమందితో కలిసి తిరిగే బస్సులో కాదు. మీ ఇంటివాళ్ళకి మాత్రమే ఒక కారు, ఒక గైడు మాట్లాడుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు వస్తుంటే మరీ ముఖ్యం.

సంక్రాంతి సెలవుల్లో నలుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, డెబ్భై దాటిన మా అత్తయ్య. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. బస్సు టూరు అయితే ఆవిడ ఏ చెట్టు కిందో కూర్చుని మా సంచులు కాపలా కాయాల్సి వచ్చేది. అందుకే కాస్త ఎక్కువైనా సరే అనుకుని ప్రైవేటు టూరు తీసుకున్నాం. కారు, డ్రైవరు, గైడు కలిపి పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఏడింటి దాకా రూ.7,000. జైలు టికెట్లు, రాస్ దీవికి పడవ ఛార్జీ, భోజనం మనమే పెట్టుకోవాలి.

ఊరికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ మేం మాట్లాడిన డ్రైవర్లూ, హోటల్ వాళ్ళూ అందరూ పాత పేరే అంటున్నారు. నేనూ అలాగే రాస్తున్నాను.

బుక్ చేసేటప్పుడు ఆఫీసు వాళ్ళు హిందీ, ఇంగ్లిష్ వచ్చిన గైడుని పంపిస్తామన్నారు. అత్తయ్యకి ఆ రెండూ రావు. తెలుగు గైడు కావాలని గట్టిగా అడిగాను, దొరికాడు. దొరక్కపోవడానికి కారణం కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్‌లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్ళలో ఎక్కువమంది మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాల వాళ్ళే.

మాకు వచ్చినతను పుట్టింది, పెరిగింది అక్కడే. వాళ్ళ తాతది సోంపేట వైపు. పనికోసం విశాఖలో ఓడెక్కి వచ్చి ఉండిపోయాడట. కారు దిగుతూనే అత్తయ్య దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, దారిలో ఇబ్బందేటీ అవనేదు కదా?" అన్నాడు. అత్తయ్య పుట్టిల్లు బారువ. ఆ ఒక్క మాటకే ఆవిడ మొహం విప్పారింది. "మీ తాతది ఏ ఊరు బాబూ? ఇంటిపేరేటి?" అని మొదలుపెట్టారు. జైలు గేటు దగ్గరికి చేరేసరికి తన పుట్టింటి వీధిలో ఎవరెవరు అండమాన్ వెళ్ళారో వరసగా చెప్పేస్తున్నారు. అతను మా ఆయన్ని బావగారూ అని, నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు.

ఆ రోజంతట్లో సగం విలువ సెల్యులార్ జైలుదే. తెరిచే వేళకే తీసుకెళ్ళాడు. పది దాటితే టూరు బస్సులన్నీ ఒకేసారి వస్తాయని, అప్పుడు గదుల ముందు నిలబడటానికి కూడా వీలుండదని చెప్పాడు. అలాగే అయింది కూడా. మేం బయటికి వస్తుంటే ఒక గుంపుని ఇరవై నిమిషాల్లో చూసి వచ్చేయమని వాళ్ళ టూరు మనిషి ఈల వేసి తోలుతున్నాడు.

జైలు కట్టడం 1896లో మొదలై 1906కి పూర్తయింది. నడుమ ఒక టవరు, దాన్నుంచి బండి చక్రం ఆకుల్లా ఏడు వరసలు, ఒక్కో వరస మూడంతస్తులు. ఒక వరస గదుల తలుపులు పక్క వరస వీపు వైపు చూస్తుంటాయి. ఎదుట ఇంకో ఖైదీ ఉన్నాడన్న ధైర్యం కూడా మనిషికి దొరక్కూడదని అలా కట్టారు. ఇప్పుడు నిలిచి ఉన్నవి మూడు వరసలే. ఆ ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. 1979లో జైలుని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఇదంతా పుస్తకంలో దొరికేదే. నేను సోషల్ టీచర్ని, పిల్లలకి చెప్పాను కూడా. కానీ ఇతను చెప్పిన తీరు వేరు. మా అబ్బాయిని ఒక గదిలోకి పంపి ఊచల తలుపు మూశాడు. "ఇప్పుడు సెయ్యి బయటికి పెట్టి గడియ తియ్యి తమ్ముడూ" అన్నాడు. వాడు ఊచల మధ్య నుంచి భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. గడియ తలుపు మీద లేదు. పొడుగాటి ఇనపకడ్డీ తలుపు దాటి పక్కకి వెళ్ళి గోడలో తొలిచిన గూట్లో దిగుతుంది. తాళం అక్కడ పడుతుంది. లోపలి మనిషి వేళ్ళు ఎంత చాపినా అక్కడిదాకా పోవు. వాడు నవ్వుతూ మొదలుపెట్టాడు కానీ కాసేపటికి నవ్వు ఆగిపోయింది. పైకి చూడమన్నాడు గైడు. వెనక గోడకి మనిషి ఎత్తు దాటి ఎక్కడో పైన చిన్న వెంటిలేటరు. అందులోంచి కనిపించేది ఆకాశమే. రెండు మంచాలు వేస్తే నిండిపోయే గదిలో మనిషికి బయటి లోకం అంత మాత్రమే. వాడు బయటికి వచ్చాక ఒక్కొక్క గడియా చూసుకుంటూ నడిచాడు. క్లాసులో ఒక పీరియడ్ చెప్పినా నేను అది రప్పించలేను.

గానుగ షెడ్డు దగ్గర అత్తయ్య వంతు వచ్చింది. ఖైదీ రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తియ్యాలి, తియ్యకపోతే కొట్టేవాళ్ళు. "మన దగ్గర గానుగకి ఎద్దుని కడతాం కదమ్మా, ఈల్లు మనిషిని కట్టినారు" అన్నాడు. అత్తయ్య ఉద్దానం కొబ్బరితోటల్లో పెరిగిన మనిషి. కురిడీ ఎంత ఆడితే నూనె ఎంత వస్తుందో ఆవిడకి చేత్తో తెలుసు. "పదమూడు కిలోలు దాటిన నూనా? ఒక్క మనిషి? ఒక్క రోజులో?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత చాలాసేపు ఆ గానుగ దగ్గర నుంచి కదల్లేదు. అతను తొందర పెట్టలేదు.

మన తెలుగువాళ్ళెవరైనా ఇక్కడ శిక్ష అనుభవించారా అని మా అబ్బాయి అడిగాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గురించి అక్కడే నిలబెట్టి చెప్పాడు. 1933లో, మళ్ళీ 1937లో ఖైదీలు చేసిన నిరాహారదీక్షలు, మొదటి దీక్షలో బలవంతంగా పాలు ఎక్కించడంతో మహావీర్ సింగ్ చనిపోవడం, చివరికి రాజకీయ ఖైదీలందర్నీ తిరిగి పంపించేదాకా జరిగిన పోరాటం అంతా వరసలో చెప్పాడు. చెప్పేటప్పుడు ఫోన్ చూసుకోవడం, టైము చూసుకోవడం లేదు.

పైఅంతస్తులకి మెట్లు ఎక్కువ, అత్తయ్య ఎక్కలేరు. ప్రైవేటు టూరు ఎందుకు తీసుకోవాలో నాకు అక్కడే బాగా తెలిసింది. సావర్కర్ గది ఎక్కడో, డాబా మీద ఎటువైపు నిలబడితే రాస్ దీవి కనిపిస్తుందో మా ముగ్గురికీ చెప్పి పైకి పంపాడు. తను అత్తయ్యకి కుర్చీ అడిగి తెచ్చి నీడలో కూర్చోబెట్టి, ఆవిడతోనే ఉండిపోయాడు. మేం దిగి వచ్చేసరికి ఉరికొయ్యల సంగతి ఆవిడే మాకు చెప్పారు.

రాస్ దీవికి ఆబర్డీన్ జెట్టీ నుంచి పడవ. పావుగంట కూడా పట్టదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పడవ ఊగుతుంది కాబట్టి పెద్దవాళ్ళకి ఇద్దరు సాయం ఉండాలి. గైడు ముందు దిగి చెయ్యి అందించాడు, మా ఆయన వెనక పట్టుకున్నాడు. పడవలో ఉండగా పాత ఇరవై రూపాయల నోటు తీసి వెనక బొమ్మ చూపించాడు. ఆ కొబ్బరిచెట్లు, ఆ లైట్‌హౌసు ఎదురుగా కనిపించే నార్త్ బే వైపువి. మా అబ్బాయి ఆ నోటుని తనకి ఇచ్చెయ్యమని అడిగి, బదులు ఇరవై ఇచ్చి మరీ తీసుకున్నాడు.

ఇంగ్లీషువాళ్ళు 1858 తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళు ఈ చిన్న దీవి మీద కూర్చునే అండమాన్ అంతా ఏలారు. చర్చి, బేకరీ, క్లబ్బు, కమిషనర్ బంగళా అన్నీ ఇక్కడే ఉండేవి. 1941 జూన్‌లో పెద్ద భూకంపం, మరుసటి ఏడాది జపాను సైన్యం రాక. దాంతో వైభవం పోయింది. 2018 నుంచి దీవికి నేతాజీ సుభాస్ చంద్రబోస్ పేరు. 1943 డిసెంబరు 30న బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడు కాబట్టి ఆ పేరు పెట్టడం నాకు సబబుగానే అనిపించింది. ఇప్పుడు గోడల్ని వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. చర్చి గోడ ఒకటి ఉంది. ఇటుకలు సగం రాలిపోయినా మనిషి తొడంత లావు వేళ్ళు దాన్ని నిలబెట్టే ఉంచాయి. అత్తయ్య కోసం బ్యాటరీ కారు మాట్లాడాడు, అందువల్ల ఆవిడ కూడా దీవి మొత్తం చూశారు. జింకలు మనుషులకి బాగా అలవాటు పడి దగ్గరికి వచ్చేస్తాయి. బిస్కెట్లు మాత్రం పెట్టనివ్వలేదు అతను.

శాలిహుండం కొండ మీద నిలబడి వంశధారని చూసినప్పుడల్లా, ఆ స్తూపాల గురించి చెప్పే మనిషి ఒక్కడుంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. బడి పిల్లల్ని తీసుకెళ్తే నాకు తెలిసిందే నేను చెప్పుకోవాలి. రాస్‌లో ఆ కోరిక ఇంకా బలపడింది. ఊరి చరిత్రని బతుకుతెరువుగా చేసుకుని, దాన్ని ప్రేమగా చెప్పే కుర్రాళ్ళు మన జిల్లాకీ కావాలి.

భోజనం జంగ్లీఘాట్‌లో, ఒక తెలుగు కుటుంబం నడిపే చిన్న హోటల్లో. వంజరం పులుసు, చారు, వేడన్నం. పులుసులో చింతపండు మనం వేసేంతే వేశారు. బాగుంది.

తింటూ మా ఆయన బారాటాంగ్ దీవికి వెళ్ళడం గురించి అడిగారు. ఆ దారిలో అడవిలో ఉండే జరావా ఆదివాసులు కనిపిస్తారటగా అన్నారు. గైడు తినడం ఆపి, "జరావాల్ని సూపిస్తానని ఎవులైనా అంటే ఆ కారు ఎక్కకండి బావగారూ" అన్నాడు. అది వాళ్ళ అడవి, బళ్ళు పోలీసు కాన్వాయ్‌లో ఆగకుండా వెళ్ళాలి, ఫొటో తీస్తే నేరం. మనుషుల్ని చూడటానికి టికెట్ కొనడం తప్పని అతను అంత సూటిగా చెప్పడం నాకు చాలా నచ్చింది. ఆ ట్రిప్ అమ్మితే అతనికి ఇంకో రోజు పని దొరికేది.

మధ్యాహ్నం చాతమ్ రంపపుమిల్లు చూశాం. 1883 నాటిది, పడౌక్ అనే అక్కడి చెట్టు దుంగలు, రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడిన గొయ్యి ఉన్నాయి. మావాడికి నచ్చింది, నాకు అరగంట చాలనిపించింది. కార్బిన్స్ కోవ్ బీచిలో టీ తాగాం, అంతే. మన బారువ తీరం చూసినవాళ్ళకి అక్కడ కొత్తేమీ లేదు.

చిడియా టాపు మాత్రం వదలొద్దు. ఊరికి దక్షిణాన 25 కిలోమీటర్లు, చివర్లో అంతా అడవి దారి. అక్కడ మనకన్నా ముందే చీకటి పడుతుంది, జనవరిలో ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. మూడున్నరకల్లా ఊళ్ళోంచి బయల్దేరాల్సిందేనని పట్టుబట్టాడు. తీరంలో 2004 సునామీకి ఎండిపోయిన పెద్దపెద్ద మాన్లు ఇంకా పడి ఉన్నాయి. వాటిని చూసి అత్తయ్య 2018 తిత్లీ తుఫానులో తమ్ముడి తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయిన సంగతి చెప్పారు. గైడు ఆ తోట ఎక్కడో, మళ్ళీ నాటారో లేదో అడిగి తెలుసుకున్నాడు. మా అబ్బాయి ఏరిన పగడపు ముక్కని తిరిగి ఇసకలో పెట్టించాడు. వాటిని తీసుకెళ్ళడం చట్టప్రకారం నేరం, ఎయిర్‌పోర్టులో సంచి తెరిపిస్తారు.

ఇక బాగాలేనివి. ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో ఒక్క రోజులో ఎనిమిది చోట్లు రాశారు. నార్త్ బే, మ్యూజియంలు కూడా అందులో ఉన్నాయి. మనుషులెవరూ ఒక రోజులో అవన్నీ చూడలేరు. ఆ సంగతి గైడే పొద్దున్నే చెప్పి, ఏవి వదలాలో మాతో కూర్చుని తేల్చాడు. జైలు దగ్గర సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి టికెట్లు తీసి ఉంచుతామన్నారు, తియ్యలేదు. చిడియా టాపు నుంచి వస్తూ గైడు రెండు మూడు చోట్లకి ఫోన్ చేసినా దొరకలేదు. దానికి ఆఫీసు నుంచి ఒక్క సారీ కూడా రాలేదు. మధ్యాహ్నం నుంచి కారులో ఏసీ సరిగా పనిచెయ్యలేదు, వేరే బండి పంపమంటే చూస్తామన్నారు తప్ప పంపలేదు. డ్రైవరు ముత్యాల షాపుకి తీసుకెళ్తానని రెండుసార్లు అడిగాడు. గైడు వద్దన్నాక ఊరుకున్నాడు.

అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గిన ఒకటి ఆఫీసుది, గైడుది కాదు.

నలుగురికి రూ.7,000 అంటే మనిషికి రూ.1,750. కుర్రాళ్ళు నలుగురు స్కూటర్లు అద్దెకి తీసుకుని తిరిగితే అందులో మూడో వంతుకే అయిపోతుంది, వాళ్ళకి ఇది అక్కర్లేదు. అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం తీసుకోండి. డబ్బు కట్టకముందే మూడు సంగతులు తేల్చుకోండి. తెలుగు గైడే కావాలని మెసేజ్‌లో రాయించుకోండి. షో టికెట్లు, పడవ టికెట్లు ఎవరు తీస్తారో అడగండి. సాయంత్రం చిడియా టాపు కావాలో, షో కావాలో ముందే అనుకోండి, రెండూ కుదరడం కష్టం. పెద్దవాళ్ళకి పట్టుకోవడానికి చేతికర్ర, అందరికీ ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి.